కొవ్వుతో సహా

ఫిబ్రవరి 3

చిరంజీవి బావమరిదికి,

బావ దీవించి రాస్తున్నాడు, దీవించే ఓపిక ఇంకా ఉంది. ఒంట్లో మిగతా అంతా బాగానే ఉంది, గుండె ఒక్కటే బాగాలేదట. మొన్న సోమవారం సన్నటి గొట్టం లోపలికి పంపి చూసి, మూడు చోట్ల పూడుకుపోయిందన్నారు. ఒకటి డెబ్భై శాతం, ఒకటి ఎనభై, ఇంకోటి తొంభై. డాక్టరు ఆ అంకెలు చదువుతుంటే నీ మేనకోడలు ఏడ్చింది. నేను ఏడవలేదు. ముప్పై నాలుగేళ్ళు బాయిలర్ హౌసులో ఆవిరి గొట్టాలకి ఇన్సులేషను కట్టినవాణ్ణి, తొంభై శాతం పూడిన గొట్టంలోంచి కూడా ఆవిరి పోవడం కళ్ళారా చూశాను. "అయితే ఇంకా పది శాతం ఉందన్నమాట" అన్నాను. డాక్టరు నన్ను వదిలేసి అమ్మాయి వైపు తిరిగి "బైపాస్ చెయ్యాలి" అన్నాడు. అప్పట్నుంచీ నాతో చెప్పాల్సినవన్నీ అందరూ అమ్మాయితో చెప్తున్నారు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావా? నా చెవులు రెండూ బాయిలరు తీసేసుకుంది కదా. ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, కింది అంతస్తు వాళ్ళకి నా రోగం పూర్తిగా అర్థమవుతుంది, నాకు కాదు. కాగితమైతే రెండోసారి చదువుకోవచ్చు.

సంగతికి వస్తాను. ఆపరేషను మీ ఆసుపత్రిలోనే చేయించుకుంటాను. ఛాతీ ఎవరు కోసినా నాకు పట్టింపు లేదు. కాలి నరం మాత్రం నువ్వే తియ్యాలి. మీ అక్కకి నువ్వే తీశావు, నాకూ నువ్వే తీస్తావు. ఇంట్లో పనివాణ్ణి పెట్టుకుని బయటివాళ్ళని పిలవడం నాకు అలవాటు లేదు.

మీ అక్క పోయి ఈ నెలతో నాలుగేళ్ళు. ఆవిడ బట్టల అలమర అలాగే ఉంది. ఒక్క మడత కూడా చెదరలేదు. ఆవిడ మడత పెట్టిందంటే అంతే కదా.

జవాబు రాయి. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయి, చెవుల్ని చూసి కళ్ళు కూడా మొదలెట్టాయి.

మీ బావ

*

ఫిబ్రవరి 11

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అమ్మాయి పంపిన రిపోర్టులు కూడా చూశాను. ఆపరేషను తప్పదు, అలాగని కంగారు పడాల్సిందీ లేదు. మా కొత్త పెద్ద సర్జనుతో మాట్లాడాను. మార్చి 18 అని రాసుకున్నారు.

ఇక నరం విషయం. నా పని మీకు తెలిసిందే. సర్జను ఛాతీ దగ్గర ఉండగా నేను కాలి దగ్గర నిలబడి, చీలమండ నుంచి పైకి చర్మం కింద ఉన్న నరాన్ని తీసి ఇస్తాను. ఆయన దాన్ని గుండె మీద కుట్టి, పూడిన చోటు తప్పించి రక్తానికి కొత్త దారి వేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. అయితే దగ్గరి బంధువుల మీద మా సిబ్బంది చెయ్యి వెయ్యకూడదని ఒక రూలు ఉంది. నా బదులు మా పొడుగావిడ తీస్తుంది. ఆవిడ అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు, వాళ్ళాయన ఫోను చేసినా పొడుగావిడ ఉందా అనే అడుగుతాడు. చాలా మంచి చెయ్యి.

పైగా ఇప్పుడు పద్ధతి మారింది. ఇన్నాళ్ళూ మేము నరం తీశాక దాని చుట్టూ అంటుకుని ఉన్న కొవ్వంతా ఒలిచేసేవాళ్ళం. నరం తెల్లగా నున్నగా తేలాక ఉప్పునీళ్ళ సిరంజీతో ఉబ్బించి, ఎక్కడైనా కారుతోందేమో చూసి అప్పుడు ఇచ్చేవాళ్ళం. కొత్త సర్జను వచ్చి ఆ కొవ్వు జోలికి పోవద్దన్నాడు. కొవ్వు పొరతో సహా తియ్యాలి, ఉబ్బించకూడదు, ఆ కొవ్వుతోనే గుండె మీద కుట్టాలి. అలా వేసిన నరం ఎక్కువ ఏళ్ళు పూడకుండా ఉంటుందట. చూపుకి మాత్రం బాగుండదు. పొడుగావిడ ఈ పద్ధతి తొందరగా పట్టుకుంది. నా చెయ్యి పాతది.

అంచేత ఇప్పుడు కొవ్వే ముఖ్యం. మిగతా జాగ్రత్తలు డాక్టరు కాగితంలో ఉన్నట్టే పాటించండి. బరువులు ఎత్తకండి. అక్షరాలు ఈ సైజు సరిపోయిందా?

ఉంటాను,
మీ బావమరిది

*

ఫిబ్రవరి 19

బావమరిదికి,

అక్షరాలు సరిపోయాయి. విషయమే సరిపోలేదు.

మీ అక్క ఆపరేషను అయి పదకొండేళ్ళు. అప్పుడు లేని రూలు ఇప్పుడెక్కడ పుట్టింది? నేను మీ అక్క కన్నా దగ్గరి బంధువునా?

కొవ్వు సంగతి చదివి మాత్రం నవ్వొచ్చింది. నేను పనిలో చేరిన రోజే మా మేస్త్రీ, గొట్టానికి చుట్టు ఎందుకు కడతారు అని అడిగాడు. వేడి పోకుండా అన్నాను. సగమే తెలుసు నీకు అన్నాడు. గొట్టం వంకర పోకుండా, దెబ్బ తగిలితే చొట్ట పడకుండా, బయటి చెమ్మ గోడని తినెయ్యకుండా, ఇవన్నీ చుట్టు పనే. ఉన్న చుట్టు ఊడబీకి, పైగా మోయలేనంత ప్రెషరుతో టెస్టు చేసి గొట్టాన్ని లైన్లో వేసినవాణ్ణి మా దగ్గర ఆ సాయంత్రమే ఇంటికి పంపేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు మీరు, ఇరవై రెండేళ్ళు అదే చేశారన్నమాట! పోనీలే, ఇప్పటికైనా తెలిసింది.

నీ ఉత్తరం చదివాక కొలత టేపు తెచ్చుకున్నాను. నా ఎడమ పిక్క పదకొండున్నర అంగుళాలు, కుడిది పన్నెండు. చర్మం తర్వాత ఎముకే తగులుతోంది. కొవ్వే ముఖ్యం అన్నావు కదా, ఈ కాళ్ళలో అదెక్కడుంది? ఇక్కడి డాక్టరు ఇచ్చిన కాగితంలో వెన్న, నూనె, గుడ్డు పచ్చసొన అన్నీ కొట్టేసి ఉన్నాయి. ఆ కాగితం గుండెది, నీ ఉత్తరం కాలిది. రెండింటికీ గొడవ రాకుండా నేనొక ఏర్పాటు చేసుకున్నాను. ఎడమ కాలికి పూర్తిగా సెలవు ఇచ్చేశాను. చేతికర్ర పట్టుకుని బరువంతా కుడి కాలి మీద వేసి నడుస్తున్నాను. పని లేని మనిషికే ఒళ్ళు వస్తుంది, కాలికి మాత్రం ఎందుకు రాదు? రోజూ పదకొండు గంటలకి రెండు ఉడకబెట్టిన బంగాళాదుంపలు వెన్న రాసుకుని తింటున్నాను. తిన్నది కిందికి దిగేలా ఎడమ కాలు వేలాడేసి కూర్చుంటున్నాను. వెన్న డబ్బా పనిముట్ల పెట్టెలో ఉంది. ఈ సంగతి అమ్మాయికి రాయకు, తను బడిలో పాఠాలు చెప్పి అలిసిపోయి వస్తుంది.

ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ కొలిచి రాస్తాను. ఆ రూలు సంగతి తేల్చు.

మీ బావ

*

ఫిబ్రవరి 26

బావగారికి,

నమస్కారాలు. వెన్న మానేయండి. ఈ ఉత్తరం మిగతా భాగం తర్వాత చదువుకోవచ్చు, ముందు లేచి ఆ డబ్బా ఎవరికైనా ఇచ్చెయ్యండి.

మేము చెప్పే కొవ్వు నరానికి సొంతది. సన్నటి పొర. పుట్టినప్పట్నుంచీ దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, బక్కవాళ్ళకీ ఉంటుంది. మీకూ సరిపడా ఉంటుంది. తింటే పెరిగేది అది కాదు, మీ నడుమూ గుండె పూడికా. ఒక్క కాలికి మాత్రం కొవ్వు పట్టించే విద్య ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు. చేతనై ఉంటే, కావలసిన చోట పెట్టండి వద్దనుకున్న చోట దించండి అని జనం మా ఆసుపత్రి గేటు దగ్గర బారులు తీరేవాళ్ళు.

రెండు కాళ్ళతో నడవండి. కర్ర పక్కన పెట్టండి.

గొట్టాల గురించి మీరు రాసింది చదివాను.

రూలు ఈమధ్యే వచ్చింది. మీ గురించి పొడుగావిడకి అంతా చెప్పాను. నా చిన్న కత్తెర కూడా ఆవిడకే ఇచ్చేశాను. దానితో ఆవిడ చెయ్యి బాగా ఆడుతోంది. మా ఇంట్లో నీళ్ళ కుళాయి వారం నుంచి కారుతోంది, మీరు ఉంటే ఒక్క నిమిషంలో కట్టేసేవారని అనుకున్నాం.

ఉంటాను,
మీ బావమరిది

*

మార్చి 5

బావమరిదికి,

నీ ఉత్తరం ఒక్క రోజు ఆలస్యంగా వచ్చింది. మంగళవారం చిన్న జారుడు జరిగింది. మెట్ల మీద, చివరి మెట్టు. చెప్పుకోవాల్సినంత ఏమీ లేదు. ఆపరేషను మాత్రం ఏప్రిల్ 8కి మార్చారట. కారణం అమ్మాయి కింద రాస్తానంటోంది.

నీకు ఇంకో సంగతి రాయాలి. కుళాయికి వాషరు మారిస్తే సరిపోతుంది, అది కాదు. అమ్మాయి చేత మీ ఆసుపత్రికి ఫోను చేయించాను. అలాంటి రూలు ఎప్పుడూ లేదని చెప్పారు. ఇరవై ఏళ్ళుగా నువ్వు ఎవరినీ ముట్టుకోనివ్వని కత్తెర కూడా ఇంకొకరికి ఇచ్చేశావు. అంటే నా కాలు పట్టుకోవడం నీకు ఇష్టం లేదు. ఎందుకో నాకు తెలుసు. నువ్వు రాయలేవు, నేనే రాస్తాను.

ఆపరేషనైన ఆరో ఏడు మీ అక్కని చెకప్పుకి నేను తీసుకురాలేదు. బాయిలరు షట్‌డౌను ఉందన్నాను. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మన్నారు, అప్పుడు కొత్త బాయిలరు ఎక్కిస్తున్నాం. "నాకేం, దుక్కలా ఉన్నాను, తర్వాత పోదాంలే" అని ఆవిడే అంది. నేను సరేనన్నాను. మరుసటి ఏడే పోయింది. ఆ రోజు ఆసుపత్రి కారిడార్లో నువ్వు నా మొహం చూడలేదు. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. డ్యూటీలు అని రాస్తావు, నేను నమ్మినట్టు జవాబు రాస్తాను.

నీ కోపం న్యాయమే. కాదనను. కోపం ఉన్నవాడి చేతిలో కాలు పెట్టకపోవడమే మంచిది కూడా. పొడుగావిడనే తియ్యమను.

మీ బావ

మావయ్యా, చివరి మెట్టు కాదు, పై నుంచి ఐదో మెట్టు. కుడి మడమ దగ్గర ఎముక చిట్లింది, మూడు వారాలు పిండికట్టు. నుదుటి మీద నాలుగు కుట్లు. కర్ర విరిగింది. వెన్న డబ్బా దొరికింది, కొవ్వే ముఖ్యమని నువ్వు రాసిన కాగితం కూడా దాని కిందే ఉంది. గుండె ఎక్కువ రోజులు ఆగదని, కట్టు విప్పగానే చేసెయ్యాలని ఇక్కడి డాక్టరు అంటున్నారు. కుర్చీలోంచి లేచినా నాన్న ఛాతీ పట్టుకుంటున్నారు. నీకు రాయద్దన్నారు, అందుకే రాస్తున్నాను. పైన ఆయన రాసింది నేను చదవలేదు, మడిచి ఇచ్చారు. రాసేటప్పుడు కళ్ళద్దాలు మూడుసార్లు తుడుచుకున్నారు.

*

మార్చి 12

బావగారూ,

రూలు లేదు. నేనే పుట్టించాను.

మీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. ఆ చెకప్పులకి వచ్చి ఉంటే మేము చూసి, నరాలు మూసుకుపోతున్నాయని చెప్పి మందులు మార్చేవాళ్ళం. కొన్ని నెలలు కలిసొచ్చేవేమో, వచ్చేవి కావేమో. ఈ మాట మీకు నాలుగేళ్ళ కిందటే ఎవరో ఒకరు చెప్పాల్సింది. చెప్పాల్సినవాణ్ణి నేనే. మీరు ఇది మోసుకుని తిరుగుతున్నారని నాకు తెలియదు. నేను మోస్తున్నది పక్కకి పెట్టి చూస్తే కదా తెలిసేది.

అక్క నరం నేను తీశాను. అంత శుభ్రమైన నరం మా థియేటర్లో ఎవరూ చూడలేదు. గంటంబావు కూర్చుని ఒలిచాను, ఒక్క పీచు కూడా మిగల్చలేదు. అప్పటి పెద్ద సర్జను దాన్ని పళ్ళెంలో పెట్టించి అందరినీ పిలిచి చూపించాడు. "నరం తియ్యడమంటే ఇదీ" అన్నాడు. ఫోటో తీశారు. అప్పుడు మీకూ చూపించాను, గుర్తుందో లేదో. పెద్దది చేయించి మా శిక్షణ గది గోడకి తగిలించారు. కింద పేరు లేదు. అది అక్క కాలిదని నాకు తప్ప ఎవరికీ తెలియదు. రోజూ దాని ముందు నుంచే టీ తాగడానికి వెళ్ళేవాణ్ణి. గర్వంగా ఉండేది బావగారూ.

ఏడో ఏట అక్కని లోపలికి తెచ్చి చూస్తే నేను తీసిన నరాలు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. కారిడార్లో మీ మొహం చూడలేకపోయింది అందుకు. కాలి నరాలు అన్నాక కొన్ని మూసుకుంటాయి, ఎవరు తీసినా అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. దాంతో మూడేళ్ళు నెట్టుకొచ్చాను. పోయిన ఏడాది కొత్త సర్జను వచ్చాడు. మొదటి రోజే శిక్షణ గదిలో ఆ ఫోటో ముందు నిలబడి, "దీన్ని ఉంచండి, ఎలా తియ్యకూడదో చెప్పడానికి పనికొస్తుంది" అన్నాడు. మంచి మనిషే. ఆయనకేం తెలుసు.

ఆ కొవ్వులో నరం గోడకి తిండి పెట్టే వెంట్రుకల్లాంటి నాళాలు ఉంటాయట. నరం బిగుసుకుపోకుండా చూసే పదార్థమేదో కూడా ఆ కొవ్వే తయారుచేస్తుందట. అదంతా నేను ఒలిచి చెత్త బకెట్లో వేశాను. తర్వాత సిరంజీతో ఉబ్బించాను. మీరు రాసిన ప్రెషరు టెస్టే. మీ దగ్గరైతే సాయంత్రానికి ఇంటికి పంపేవాళ్ళు. నన్ను మెచ్చుకున్నారు.

కొవ్వు ఉంచి ఉంటే అక్క ఈరోజు ఉండేదని ఎవరూ చెప్పలేరు. ఉండేది కాదని కూడా ఎవరూ చెప్పలేరు. మీ కాలు పట్టుకోవడం ఇష్టం లేక కాదు, నా చేతులంటే నాకే భయంగా ఉంది.

ఇప్పుడు మీకు అంతా తెలుసు. ఎవరు తియ్యాలో మీరే చెప్పండి. పొడుగావిడ సిద్ధంగా ఉంది. మీరు ఏం రాసినా నేను మాట్లాడను.

అక్క తమ్ముడు

*

మార్చి 20

బావమరిదికి,

ఉత్తరం అందినా రెండు రోజులు జవాబు రాయలేదు. కోపం రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది. వచ్చింది. మొదటి రోజంతా ఉంది. కట్టు ఉన్న కాలు స్టూలు మీద పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. రెండో రోజు అమ్మాయికి ఇచ్చి చదవమన్నాను. చదివి, వంటింట్లోకి పోయి బీన్స్ ముందేసుకుంది. ఒక్కొక్క కాయ తీసుకుని రెండు వైపులా ఈనె లాగుతోంది. ఏడుస్తూనే లాగుతోంది. ఒక్క పీచు మిగలడం లేదు. అది చూస్తుంటే కోపం కాస్త దిగింది.

ఎందుకో చెప్తాను. నేను మీ ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు నీకు తొమ్మిదేళ్ళు. గుమ్మంలోంచి నాకు కనబడింది ఇదే. నువ్వు గిన్నె ముందు కూర్చుని ఏడుస్తూ బీన్స్ ఒలుస్తున్నావు. మీ అక్క ఒక కాయకి పీచు మిగిలిందని గిన్నె మొత్తం మళ్ళీ నీ ముందు కుమ్మరించింది. నేను అప్పుడే భయపడి వెనక్కి పోవాల్సింది. పోలేదు.

ఆపరేషను రోజు ఆవిణ్ణి ట్రాలీ మీద తీసుకెళ్తుంటే నేను పక్కనే నడుస్తున్నాను. అప్పటికి నా చెవులు పనిచేస్తున్నాయి. లోపలికి పోయే ముందు నిన్ను పిలిచి, "ఒరేయ్, శుభ్రంగా తియ్యి. పీచు మిగిలిందో, ఊరుకోను" అంది. నువ్వు "సరే అక్కా" అన్నావు. ఆ కంగారులో నీకు గుర్తుండకపోవచ్చు. ఆవిడ చెప్పినట్టే చేశావు. చెకప్పు తర్వాత చూద్దామని కూడా ఆవిడే అంది, నేనూ చెప్పినట్టే చేశాను. ఆవిడ మాట కాదని బాగుపడినవాణ్ణి ఆ ఇంట్లో ఒక్కణ్ణి చూపించు.

ఆ ఫోటో నాకు బాగా గుర్తుంది. తెల్లగా మెరిసిపోతున్న గొట్టం. ముప్పై నాలుగేళ్ళు గొట్టాలకి చుట్టు కట్టినవాణ్ణి, దాన్ని చేతిలో పట్టుకుని, దీని చుట్టు ఏదిరా అని అడగలేదు. చాలా బాగుంది అన్నాను. తప్పు లెక్కేస్తే నన్నూ లెక్కెయ్యి.

నీకు అప్పుడు తెలియదు. మీ పాత సర్జనుకీ తెలియదు. తెలిసి చేసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. ఇప్పుడు తెలుసు. తెలిసినవాడు చెయ్యకుండా కత్తెర ఇంకొకరికిచ్చి పక్కన నిలబడతానంటే, అది మాత్రం నాకు నచ్చలేదు.

నువ్వే తియ్యాలి. పొడుగావిడని ఎదురుగా నిలబడమను, కానీ కత్తెర నీ చేతిలో ఉండాలి. కొవ్వుతో సహా తియ్యి. ఈసారి ఇది బావ మాట. శుభ్రం చేశావో, ఊరుకోను.

మీ బావ

*

ఏప్రిల్ 11

బావగారికి,

రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకి రాస్తున్నాను. మీ చెవి మిషను సిస్టరు దగ్గర సంచీలో ఉంది, ఐసీయూలో అరవకూడదన్నారు. ఉదయం నన్ను చూసి మీరు తల ఊపారు. నేను చెప్పింది అర్థమై ఊపారో, పొమ్మని ఊపారో తెలియలేదు. అందుకని రాసి మీ దిండు పక్కన పెడుతున్నాను.

ఎనిమిదో తారీకున అంతా అనుకున్నట్టే జరిగింది. ఒక దారి ఛాతీ లోపలి నాళంతో వేశారు, రెండు కాలి నరంతో. కాలు ఎడమదే, మీరు సెలవు ఇచ్చిన కాలు. వెన్న జాడ ఎక్కడా కనబడలేదు. నరం చుట్టూ కొవ్వు ఉండాల్సినంతా ఉంది, పచ్చగా, మెత్తగా. కొవ్వుతో సహా తీశాను. చూడ్డానికి సగంలో వదిలేసి లేచిపోయిన పనిలా ఉంది. పెద్ద సర్జను బాగుందన్నాడు. నాకు ఇంకా అలవాటు కాలేదు.

ఒకటి చెప్పాలి. మోకాలి కింద ఒకచోట, నేను గమనించే లోపలే నా కత్తెర కొవ్వు మీదికి వెళ్ళిపోయింది. చెయ్యి దానంతట అదే ఒలుస్తోంది. నా మనసులో వేరే ఆలోచన కూడా ఏమీ లేదు, ఉత్త అలవాటు. పొడుగావిడ వేలితో నా మణికట్టు మీద తట్టింది. ఆపేశాను. అప్పటికే ఒక అంగుళం నున్నగా అయిపోయింది. ఆ ముక్క కోసి తీసేద్దామన్నాను. సర్జను కొలిచి చూసి, తీసేస్తే పొడవు చాలదన్నాడు. కుడి కాలికి మొన్ననే కట్టు విప్పారు, దాని జోలికి పోనన్నాడు. అలాగే కుట్టేశారు.

కాబట్టి మీ గుండె మీద కొవ్వు లేని నరం ఒక అంగుళం ఉంది. ఎడమ వైపు, కొంచెం వెనకగా. దానివల్ల ఇబ్బంది ఉండకపోవచ్చని సర్జను అన్నాడు. ఉండదు అనలేదు, ఉండకపోవచ్చు అన్నాడు. ఎవరూ అడగకపోతే చెప్పకుండా ఊరుకోవడం ఒకసారి చేశాను. రెండోసారి చెయ్యలేను.

ఈ పద్ధతిలో కాలి గాయం పెద్దది. చాలా రోజులు చెమ్మ ఊరుతుంది, గీత కూడా అందంగా రాదు. మీరు తిట్టదలచుకుంటే కాగితం, పెన్సిలు ఇస్తారు, సిస్టరుకి చెప్పాను.

మీ బావమరిది

*

మే 6

బావమరిదికి,

ఇంటికొచ్చి రెండు వారాలు. రోజుకి నాలుగు వందల అడుగులు నడుస్తున్నాను, రెండు కాళ్ళతో. కుర్చీలోంచి లేస్తే ఛాతీ పట్టుకోవడం లేదు. అమ్మాయి పనిముట్ల పెట్టెకి తాళం వేసి, తాళం చెవి బడికి పట్టుకుపోతోంది.

కాలు ఇంకా చెమ్మ ఊరుతోంది. రోజూ నేనే కట్టు మారుస్తున్నాను, ఇన్సులేషను గుడ్డ చుట్టినట్టే, సగం మీద సగం వచ్చేలా. నర్సు చూసి ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. మీ అక్క కాలి మీద గీత దారం పెట్టి గీసినట్టు ఉండేది. వచ్చినవాళ్ళందరికీ చూపించి మా తమ్ముడు చేశాడు అనేది. నాది రోడ్డు తవ్వి పూడ్చినట్టుంది. నేనూ వచ్చినవాళ్ళకి చూపించి మా బావమరిది చేశాడు అంటున్నాను. అందరూ జాలిపడుతున్నారు. నీ మీదో నా మీదో తెలియడం లేదు.

నువ్వు ఈ నెల్లో ఒక ఆదివారం రా. డ్యూటీ అని రాయకు, ఫోను చేయిస్తాను. మీ అక్క అలమర తెరుద్దాం. ఆ మడతలు నేనొక్కణ్ణే విప్పితే మళ్ళీ అలా పెట్టలేను. నీకూ అమ్మాయికీ ఆ చెయ్యి ఉంది. నేను కుర్చీలో కూర్చుంటాను.

ఆ అంగుళం గురించి నువ్వు రోజూ అమ్మాయికి ఫోను చేసి అడుగుతున్నావట. అడగద్దు. లైను మొత్తానికి చుట్టు కట్టినా, వాల్వు దగ్గర కొంచెం చోటు మేమూ ఎప్పుడూ వదిలేసేవాళ్ళం, చెయ్యి పెట్టి చూసుకోవడానికి. దానివల్ల ఏ బాయిలరూ ఆగలేదు.

ఇంకో మాట. మీ అక్క పోయాక ఈ ఇల్లు నేను ఎలా ఉంచుతున్నానో నువ్వు చూడలేదు. కుర్చీల మీద బట్టలు, బల్ల మీద కాగితాలు, కిటికీల్లో దుమ్ము. ఆవిడ చూస్తే గుమ్మం దాటి లోపలికి రాదు. నా దగ్గర ఉన్నవాటన్నింటిలో ఆవిడకి నచ్చేలా శుభ్రంగా ఉన్నది ఆ అంగుళం ఒక్కటే. ఆవిడ ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంటుంది.

మీ బావ